బొమ్మ కింద మాట

మధ్యాహ్నం భోజనాలయ్యాక మందుల షాపులో ఈగ కూడా వాలదు. ఊళ్ళో రోగాలన్నీ ఆ వేళకి కునుకు తీస్తాయని పెద్దకోడలి భర్త అంటాడు. వాటితో పాటే ఆయనా వెనక గదిలో అట్టపెట్టెల మధ్య మడతమంచం వాల్చుకుని గుర్రు పెడతాడు. ఆ వేళ మాత్రం పెద్దకోడలిది. దగ్గుమందు సీసాలు ఓ పక్కకి జరిపి, కౌంటర్ మీద లాప్‌టాప్ తెరిచి, జనం ఉచితంగా చదువుకునే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు రాస్తుంది. ఇతరులు రాసినవి దిద్దుతుంది. పదేళ్ళ పైబడి అదే పని. పైసా జీతం లేదు. అయినా అక్కడ ఆమె మాటకి ఓ బరువుంది, నిర్వాహకుల్లో ఒకతె.

"నా మీద కూడా ఓ పేజీ రాసిపెట్టవే" అన్నాడు భర్త ఒకసారి, ఆవలిస్తూ.

"మీకు ప్రాముఖ్యత లేదండీ. మీ గురించి ఎవరైనా పుస్తకంలోనో పేపర్లోనో వేస్తే అప్పుడు చూద్దాం."

"మన శుభలేఖ ఉందిగా, అచ్చులో."

"అది మనం వేయించుకున్నది. సొంత డబ్బా లెక్కలోకి రాదు."

అత్తగారు పోయి చాలా కాలమైనా, ఆవిడ పెట్టిన పిలుపులు వీధిలో అలాగే నిలిచిపోయాయి. షాపు మీది వాటాలో ఉండే ఈమె పెద్దకోడలు. పెరటి వైపు వాటాలో ఉండే మరిది భార్య చిన్నకోడలు. ఇద్దరికీ మధ్య ఒకే పెరడు, ఒకే బట్టల తీగ. చిన్నకోడలు పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. సాయంత్రం క్లినిక్ నుంచి రాగానే చెప్పులు కింద విడిచి మెట్లెక్కి వస్తుంది. పెద్దకోడలు టీ పెడుతుంది. ఆ రోజు ఎవరు నోరు తెరవనని ఏడ్చారో, ఎవరు డాక్టరు వేలు కొరికారో చెప్పుకుని నవ్వుకుంటారు. తోడబుట్టిన వాళ్ళకి కూడా లేనంత పొత్తు వాళ్ళిద్దరిదీ.

చిన్నకోడలిది గట్టవతలి కుటుంబం. రెండు తరాల కిందట కరువుకి గట్టు దిగి వచ్చి పల్లపు ఊళ్ళలో స్థిరపడ్డ జనం వాళ్ళు. వచ్చేటప్పుడు ఉన్నదంతా ఓ పెద్ద చదరపు గుడ్డలో కట్టుకుని, మూట చంకన పెట్టుకుని వచ్చారు. ఆ గుడ్డలు వాళ్ళే నేసుకుంటారు. అంచుకి ఎర్ర దారంతో గువ్వల వరస. పల్లపు వాళ్ళు గువ్వల్ని చూడలేదు, మూటనే చూశారు. 'మూటగాళ్ళు' అని పేరు పెట్టారు. మూటగాడంటే ఇవాళ ఉండి రేపు సర్దుకునే రకం, పోతూ పోతూ మన చెంబో తపేలానో మూటలో వేసుకునే రకం అని అర్థం. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మాట అలాగే దాటిపోయింది. గట్టు ఎక్కడుందో తెలియని వాళ్ళు కూడా ఎవరినైనా తిట్టాలంటే ఆ మాటే వాడేవారు.

మరిది ఆ పిల్లని చేసుకుంటానన్నప్పుడు, "మూటగాళ్ళ పిల్లా?" అని అత్తగారు చేతిలో గరిటె కింద పడేసింది. పక్కన నిలబడి, "మనిషిని చూడండి అత్తయ్యా, మూటని కాదు" అన్నది పెద్దకోడలే. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోదు. లోలోపల మాత్రం మరిచిపోదు.

ఇంతలో ఆ మాటే విజ్ఞాన సర్వస్వంలో గొడవ తెచ్చింది. 'గడియారం' అనే మారుపేరుతో రాసే ఒకాయన 'మూటగాడు' అని కొత్త వ్యాసం మొదలుపెట్టాడు. మాటకి అర్థం, రెండు సామెతలు, అయిదారు జోకులు, అంతే. మర్నాడే మరొకరు వచ్చి దీన్ని తొలగించాలంటూ పేజీ పైన నోటీసు అంటించారు. "ఇది తిట్టు. ఒక జాతి జనాన్ని కించపరిచే మాటకి ఇక్కడ పేజీ ఏమిటి?" అని. అక్కడి పద్ధతి ప్రకారం అలాంటి వ్యాసం మీద వారం పాటు చర్చ పెడతారు. ఉంచాలనేవాళ్ళు, తీసెయ్యాలనేవాళ్ళు కారణాలు రాయాలి. చేతులు లెక్కపెట్టడం కాదు, వాదన బలమే చూస్తారు. చివరికి చర్చలో పాల్గొనని నిర్వాహకుడొకరు తీర్పు రాస్తారు.

పెద్దకోడలు ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. తన చేతుల్లో ఉన్న దగ్గుమందు సీసాని చూస్తూ ఆమెకి వాదన తట్టింది. 'విషం సీసాని అటక మీద దాచేస్తే ప్రమాదం తగ్గదు. దాని మీద చీటీ అంటించాలి. లోపల ఏముందో, ఎవరికి హాని చేసిందో చీటీలో రాయాలి. ఈ మాటకి మనం రాయబోయే వ్యాసం ఆ చీటీ' అని రాసింది. రాసి ఊరుకోకుండా గ్రంథాలయానికి వెళ్ళి పాత పేపర్లు తిరగేసింది. 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును, మూటగాళ్ళు రానక్కర్లేదు' అన్న ప్రకటనలు దొరికాయి. దొంగతనం కేసులో కేవలం గట్టవతలి ఇంటిపేరు చూసి పోలీసులు పట్టుకుపోయి వదిలేసిన మనుషుల వార్తలు దొరికాయి. జోకులన్నీ తీసేసి, అవన్నీ ఆధారాలతో సహా పెట్టింది. వ్యాసం నిటారుగా లేచి నిలబడింది.

చర్చ కూడా అక్కడి నుంచి మలుపు తిరిగింది. లెక్కల మాస్టారుగా రిటైరై, ఆ లోకంలో అందరికీ పెద్దదిక్కయిన ఒకాయన, 'అమ్మాయి చెప్పిన చీటీ వాదన తిరుగులేనిది' అని రాశాడు. ఆయన కింద ఒకరి తర్వాత ఒకరు, 'చీటీ వాదనతో ఏకీభవిస్తున్నాను, ఉంచాలి.'

షాపులో నెట్ నత్తనడక. అందుకని ఆమె బొమ్మలు రాకుండా ఆపేసి అక్షరాలు మాత్రమే చూస్తూ పని చేసుకుంటుంది. చర్చ ముగింపుకి వస్తుండగా ఓ మధ్యాహ్నం గడియారం వ్యాసంలో ఒక బొమ్మ చేర్చాడు. ఆమె తెర మీద బొమ్మ పేరు మాత్రం కనిపించింది. ఆ పేరు తను పెట్టిందే. ఆ ఫోటో తను తీసిందే. అక్కడ రాసేవాళ్ళకి తన ఫోటో మరొకరు వాడుకోవడమంటే ఓ చిన్న గర్వం. బొమ్మ కింద గడియారం 'ఒక మూటగాడి భార్య' అని రాశాడు. ఆమె ముఖం చిట్లించి, దాన్ని కొట్టేసి, 'గట్టవతలి స్త్రీ ఒకరు, మూటగుడ్డతో' అని మార్చింది. మర్యాదగా ఉంది అనుకుంది. ఎవరో తలనొప్పి మాత్రలకి వచ్చారు. లాప్‌టాప్ మూసేసింది.

రెండు సాయంత్రాలు చిన్నకోడలు టీకి రాలేదు. క్లినిక్‌లో రద్దీ కాబోలు అనుకుంది పెద్దకోడలు. మూడో సాయంత్రం చిన్నకోడలి బదులు ఆమె కూతురు మెట్లెక్కి వచ్చింది. అయిదో తరగతి చదివే పిల్ల. గుమ్మంలోనే నిలబడింది.

"పెద్దమ్మా, మూటగాడు పేజీ నువ్వు రాశావా?"

పెద్దకోడలి చేతిలో టీ గిన్నె ఉంది. "ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు అందులోనే కదా రాస్తావు. మా క్లాసులో టాబ్ మీద వెతికారు. మాట కొడితే పైన మా అమ్మమ్మ ఫోటో వస్తోంది. అందరూ చూశారు." పిల్ల కాసేపు గుమ్మం చెక్క మీద పెచ్చు గీకింది. "నన్నిప్పుడు మూటా అని పిలుస్తున్నారు."

"ఎవరే వాళ్ళు? నేను రేపే వచ్చి మీ టీచరుతో మాట్లాడతాను."

"వద్దు. అమ్మ వద్దంది. నేనిక్కడికి వచ్చానని కూడా అమ్మకి చెప్పకు."

పిల్ల దిగిపోయాక పెద్దకోడలు ఫోన్లో ఆ మాట వెతికి చూసింది. ఫోన్లో బొమ్మలు వస్తాయి. నల్లటి పెద్ద అక్షరాల్లో ఆ మాట. దాని పక్కనే చిన్నకోడలి తల్లి నవ్వుతోంది. తను మర్యాదగా మార్చిన వాక్యం ఎక్కడా లేదు. అది కావాలంటే పేజీ లోపలికి వెళ్ళాలి. లోపలికి వెళ్ళేదెవరు?

ఆ నవ్వు ఎందుకో కూడా ఆమెకి గుర్తే. రెండేళ్ళ కిందట చిన్నకోడలి పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆవిడ ఎక్కడికో ప్రయాణమై, గువ్వల అంచు మూట చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఎండ ఏటవాలుగా పడుతోంది. "పిన్నీ, కదలకండి" అని పెద్దకోడలు ఫోన్ తీసింది.

"నా ఫోటో ఎందుకమ్మా?"

"మీ మూటగుడ్డ అందం లోకానికి చూపిద్దామని. ఇంటర్నెట్లో పెడతాను."

"పెట్టు. కాస్త సన్నగా కనబడేటట్టు తియ్యి మరి" అని ఆవిడే నవ్వింది.

ఇంటికొచ్చి గట్టవతలి నేత గురించిన వ్యాసం కోసం ఆ ఫోటో ఎక్కించింది. ఎక్కించేటప్పుడు ఒక గడిలో టిక్కు పెట్టాలి. ఈ బొమ్మని ఎవరైనా, ఎక్కడైనా, దేనికైనా వాడుకోవచ్చు, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోను అని. వందల సార్లు పెట్టిన టిక్కే. ఇంటర్నెట్లో పెడతానని పిన్నికి చెప్పింది. దేనికైనా అన్న ముక్క చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

ముందు వ్యాసంలోంచి బొమ్మ తీసేసింది. తర్వాత కిందికి దిగింది. చిన్నకోడలు తీగ మీద బట్టలు తీస్తోంది. ఒక్కో బట్టా దులిపి, మడిచి, భుజాన వేసుకుంటోంది.

"చూశావా?" అంది పెద్దకోడలు.

"చూశాను."

"ఫోటో తీసేశాను. ఇప్పుడే. గడియారం అని ఒకాయన పెట్టాడు, నేను పెట్టలేదు."

"నువ్వు కూడా చూశావుగా. కింద రాసింది నువ్వే మార్చావు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అన్నీ కనపడతాయని నువ్వే నేర్పావుగా నాకు."

చిన్నకోడలు పిల్ల లంగా మడిచింది.

"ఆ పేజీయే తీసేయించు అక్కా."

"అలా కాదు. నువ్వు చదివావా అసలు? మీవాళ్ళకి జరిగిందంతా రాశాను. ఇన్నాళ్ళూ ఎవరూ రాయలేదు. పేజీ తీసేస్తే పిల్లలు వెతికినప్పుడు ఆ జోకులే వస్తాయి. విషం సీసాకి చీటీ ఉండాలి కదమ్మా."

"చదివాను. బాగా రాశావు. నాకు తెలియనివి కూడా రాశావు." చిన్నకోడలు గొంతు పెంచలేదు. "కానీ చీటీ సీసాకి అంటించలేదు అక్కా. మా అమ్మకి అంటించారు."

"తప్పే. ఫోటో తీసేశానుగా."

"నీ పేజీలోంచి తీశావు. మా క్లినిక్ కుర్రాడి ఫోన్లో జోకు బొమ్మగా తిరుగుతోంది. మీ చెంబు జాగ్రత్త అని పైన రాసి. వాడికి అది మా అమ్మ అని తెలియదు. నాకే చూపించి నవ్వాడు."

"నువ్వేం అన్నావు?"

"నేనూ నవ్వాను. ఏం చెయ్యమంటావు?"

తీగ మీద చివరి తువ్వాలు పెద్దకోడలిది. చిన్నకోడలు దాన్ని కూడా తీసి, మడిచి, ఆమె చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఎప్పుడూ చేసే పనే. ఆ మడతే ఎక్కువ బాధ పెట్టింది.

ఫోటోని విజ్ఞాన సర్వస్వంలోంచే పూర్తిగా తీసేయించవచ్చా అని పెద్దకోడలు మాస్టారికి ఫోన్ చేసింది.

"ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోలేమమ్మాయీ" అన్నాడాయన. "ఆ నియమం కోసం వాదించిన వాళ్ళల్లో నువ్వు ముందున్నావు, గుర్తుందా?"

"గుర్తుంది మాస్టారూ. ఇంకే దారీ లేదా?"

"ఒకటుంది. ఫోటోలో ఉన్న మనిషే తీసెయ్యమని అడిగితే, కారణం సబబుగా ఉంటే, మర్యాదకి తీసేస్తాం. ఆవిడే అడగాలి. నీ మాట చెల్లదు. బయట తిరిగే కాపీల సంగతంటావా, వాటిని ఎవరూ ఏమీ చెయ్యలేరు."

"మరి వ్యాసం?"

"నీ అభిప్రాయం కొట్టేసుకోవచ్చు. తీర్పు ఇంకా రాయలేదు. కానీ నీ వెనకాల అంతమంది నడిచారు. ఇప్పుడు నువ్వొక్కదానివి వెనక్కి తిరిగితే వాళ్ళు తిరుగుతారా? అయినా నిజం చెప్పు, ఆ వ్యాసం ఉండకూడదని నీకు అనిపిస్తోందా?"

అనిపించడం లేదు. అదే ఆమె కష్టం. మర్నాడు మధ్యాహ్నం చర్చ పేజీ తెరిచి, తన అభిప్రాయం మీద గీత కొట్టబోయి ఆగింది. ఆ పాత ప్రకటనలు గుర్తొచ్చాయి. చిన్నకోడలు మడిచి ఇచ్చిన తువ్వాలూ గుర్తొచ్చింది. లోపల్నించి భర్త గుర్రు వినిపిస్తోంది. చివరికి గీత కొట్టలేదు. 'ఇందులో వాడిన ఫోటో నేను తీసింది. ఆవిడ మా బంధువు. ఏ పనికి వాడతారో ఆవిడకి నేను సరిగ్గా చెప్పలేదు. ఇక మీదట ఈ వ్యాసంలో బతికున్న మనుషుల బొమ్మలేవీ పెట్టకండి' అని కింద చేర్చింది. గడియారం కూడా వచ్చి, 'తెలియక పెట్టాను, క్షమించండి' అని రాశాడు. పాపం, దురుద్దేశం ఏమీ లేనివాడే. ఆ సాయంత్రమే తీర్పు వచ్చింది. వ్యాసం ఉంటుంది. తీర్పులో చీటీ వాదనని మెచ్చుకుంటూ ఒక వాక్యం కూడా ఉంది. మరోసారైతే భర్తని నిద్రలేపి మరీ చదివి వినిపించేది.

పిన్నికి చెబుదామని ఆమె అడిగితే చిన్నకోడలు ఒప్పుకోలేదు. "అమ్మ దాకా తీసుకెళ్ళకు. ఆవిడకి తెలియకుండా పోనీ" అంది.

అలాంటివి తెలియకుండా పోవు. కళ్ళు చూపించుకోవడానికి ఆవిడ కూతురింటికి వచ్చిన రోజు, పెద్దకోడలు షాపు మెట్ల మీదే నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చినా ఆటో దిగుతూనే చంకన మూటతో కనపడే మనిషి, ఈసారి జిప్పు బ్యాగు పట్టుకుని దిగింది. నీలం రంగుది, కొత్తది, దాని చెవికి ధర చీటీ దారం ఇంకా వేలాడుతోంది.

"బాగున్నావా అమ్మా" అంది ఆవిడ. "మీ ఆయనకి తమ్ముడి మీద బెంగ తగ్గిందా, పక్క వాటాలోనే ఉంటాడు గానీ పలకరించడట." ఆవిడ వేళాకోళాలు ఎప్పుడూ ఆ తీరే. పెద్దకోడలు నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

చిన్నకోడలి వంటింట్లో ముగ్గురూ కూర్చున్నారు. చిన్నకోడలు చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పెద్దకోడలు అక్కడికి వచ్చి చాలా రోజులైంది. అడుగు పెడుతుంటే చిన్నకోడలు వద్దనలేదు, రమ్మనీ అనలేదు. పీట మాత్రం కాలితో ఇటు జరిపింది.

"పిన్నీ, మీతో ఓ మాట చెప్పాలి. ఆ ఫోటో..."

"చూశానమ్మా" అంది ఆవిడ. చిన్నకోడలి చేతులు ఆగిపోయాయి. "మా వీధి చివర ఫోన్ల షాపులో చూపించారు. నన్ను సన్నగా తియ్యమన్నానా లేదా? లావుగానే తీశావు."

చిన్నకోడలు మళ్ళీ ఓ చిక్కుడుకాయ అందుకుంది.

పెద్దకోడలు అప్పుడు చెప్పాల్సింది ఇప్పుడు చెప్పింది. ఎవరైనా, ఎక్కడైనా, దేనికైనా అని. ఆ టిక్కు గురించి. ఆవిడ అడిగితే మూలం ఉన్న చోట తీసేస్తారని, బయటకి పోయినవి పోయినట్టేనని. ఆవిడ తలాడిస్తూ వింది. విని, "దేనికైనా అంటే ఇలాంటి వాటికి కూడానా?" అంది.

"ఆఁ పిన్నీ."

"నాకా ముక్క చెప్పుంటే కొంగు సవరించుకునే దాన్ని" అని నవ్వి, కూతురి మొహం చూసి నవ్వు ఆపేసింది. "సరే, తీసెయ్యమని రాయి. నేను చెప్పానని రాయి."

పెద్దకోడలు ఫోన్ తీసింది. "మీ మాటల్లో చెప్పండి."

"ఆ ఫోటోలో ఉన్నది నేను. తీసెయ్యండి."

"ఎందుకో కూడా రాయాలి. కారణం అడుగుతారు."

ఆవిడ అర్థంకానట్టు చూసింది. "ఎందుకో కూడా నేనే చెప్పాలా?"

పెద్దకోడలి వేలు తెర మీద ఆగింది. కారణాలకి ఆమె దగ్గరేం కొదవ? పదేళ్ళుగా అందరినీ ఆధారం చూపించమని, కారణం రాయమని అడిగింది తనే.

"నేను రాస్తాను అక్కా, ఇలా ఇవ్వు" అని చిన్నకోడలు తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోన్ తీసుకుంది. తల్లి పేరుతో ఏదో రాసింది. ఏం రాసిందో పెద్దకోడలు అడగలేదు. ఫోన్ తిరిగి ఇస్తూ చిన్నకోడలు ఆమె కళ్ళలోకి చూడలేదు. పొయ్యి వెలిగించి టీ మాత్రం మూడు గ్లాసులకి పెట్టింది.

ఈలోగా ఆవిడ నీలం బ్యాగు ముందుకి లాక్కుని జిప్పు తీసింది. లోపల గువ్వల అంచు మూట, ముడి చెక్కుచెదరకుండా, అలాగే ఉంది. మూటని బ్యాగులో పెట్టుకుని వచ్చింది.

"బస్సులో జనం చూస్తారని" అంది, ఎవరూ అడగకుండానే.

ముడి విప్పి, మనవరాలికి కుట్టిన గౌనొకటి తీసింది. చిన్నకోడలికి వేడినీళ్ళ సీసాకి ఊలు తొడుగు, పెద్దకోడలికి కూడా అలాంటిదే మరొకటి. ఖాళీ అయిన గుడ్డని మోకాళ్ళ మీద పరిచి, అరచేత్తో ముడతలు సాపు చేసింది. పెద్దకోడలు గువ్వల వరస కేసి చూస్తూ కూర్చుంది. వీధి గుమ్మంలో పిల్ల చెప్పుల చప్పుడైంది. బడి నుంచి వచ్చినట్టుంది, వెంట ఎవరో స్నేహితురాలి గొంతు కూడా.

ఆవిడ గబగబా గుడ్డ నాలుగు మడతలు వేసి, బ్యాగులో పెట్టి, జిప్పు లాగేసింది.